బ్యాంకాక్‌లో బస: ప్రాతూనామా, నది ఒడ్డా?

అక్టోబర్‌లో నాలుగు రాత్రులు, మోకాళ్ల నొప్పులున్న ఇద్దరు పెద్దవాళ్లతో కలిపి నలుగురం. సువర్ణభూమి ఎయిర్‌పోర్ట్‌లో దిగేది రాత్రి పదకొండింటికి. ఎయిర్‌పోర్ట్ రైలు అర్ధరాత్రి దాకానే కాబట్టి ఇమిగ్రేషన్ వరుసలో ఆలస్యమైతే టాక్సీయే గతి (మీటరు చార్జీకి తోడు మరో 50 బాత్‌లు, టోల్ అదనం).

ప్రాతూనామ్‌లో మన తిండి దొరుకుతుంది, ఎయిర్‌పోర్ట్ రైలు ఆగే రాచప్రారోప్ స్టేషన్ దగ్గరే. కానీ వాట్ ఫో గుడికి వెళ్లాలంటే అదే రైల్లో మక్కసాన్‌లో దిగి, ఫెచ్చబురి దాకా నడిచి, మెట్రోలో సనమ్ చాయ్ చేరాలి. నది ఒడ్డున సఫాన్ తక్సిన్ స్టేషన్ దగ్గరైతే స్కైట్రైన్, సాథోన్ రేవు పడవ రెండూ పక్కనే. ఖావ్ శాన్ రోడ్డు ప్రాంతం వద్దనుకున్నాం, అక్కడ రైలే లేదు.

తెలిసినవాళ్లు చెప్పండి: సఫాన్ తక్సిన్ దగ్గర నడిచే దూరంలో శాకాహారం దొరుకుతుందా, సిలోమ్ మారియమ్మన్ గుడి దాకా వెళ్లాలా? సఫాన్ తక్సిన్ స్టేషన్లో లిఫ్టు ఏ వైపు? వానకు ఏ సందుల్లో నీళ్లు నిలుస్తాయి?