45 దాటాక పెద్ద బరువు 5 సార్లా, చిన్న బరువు 20 సార్లా?

ఉదయనడక:
జిమ్‌లో ఒకరు "45 దాటాయి కదా, తేలిక డంబెల్స్‌తో 20 రెప్స్ చాలు" అంటారు. ఇంకొకరు "అలా చేస్తే బలం రాదు, 5 రెప్స్‌కే కష్టమనిపించే బరువు పట్టాలి" అంటారు. కీళ్ల జబ్బులు, బీపీ లేని మనిషికి ఏది మేలు? కారణంతో సహా చెప్పండి.

ఇనుపకడ్డీ:
పెద్ద బరువే, అనుమానం అక్కర్లేదు. వయసు పెరిగేకొద్దీ కండ కన్నా బలం, బలం కన్నా చురుకు త్వరగా తగ్గుతాయి. ముందు సన్నబడేవి వేగంగా ముడుచుకునే కండర పోగులు. కాలు జారినప్పుడు చటుక్కున నిలదొక్కుకోనిచ్చేవి అవే. బరువు పెద్దదైతే మొదటి రెప్ నుంచే అవి పనిలోకి దిగుతాయి. తేలిక బరువుతో అయితే సెట్ (ఆపకుండా చేసే రెప్స్ వరుస) చివర్లో, కండ అలిసిపోయాక గానీ వాటి వంతు రాదు.

ఎముకల సంగతీ చూడండి. ఆస్ట్రేలియాలో జరిగిన లిఫ్ట్‌మోర్ పరిశోధనలో ముట్లుడిగి, ఎముక సాంద్రత తగ్గిన 101 మంది స్త్రీలు పాల్గొన్నారు. ఒక జట్టు 8 నెలలపాటు వారానికి 2 సార్లు, అరగంట చొప్పున డెడ్‌లిఫ్ట్ (వంగి కింద ఉన్న బరువును పట్టుకుని నిటారుగా లేవడం), స్క్వాట్ (బరువుతో గుంజీలా కూర్చుని లేవడం), ఓవర్‌హెడ్ ప్రెస్ (బరువును తల పైకి నెట్టడం) చేసింది. 5 సెట్లు, సెట్‌కి 5 రెప్స్, ఎత్తగల గరిష్ఠ బరువులో 80 శాతానికి పైనే. వాళ్ల నడుము వెన్నెముక సాంద్రత పెరిగింది. ఇంట్లో తేలిక వ్యాయామం చేసిన జట్టులో తగ్గింది.

మోకాలిచిప్ప:
ఇనుపకడ్డీ గారూ, అదే పరిశోధనలో మొదటి నెలంతా ఒంటి బరువుతోనూ తేలిక బరువులతోనూ కదలికలు నేర్పారు. 8 నెలలూ పక్కన శిక్షకులున్నారు. ఈ రెండూ వదిలేసి "5 సార్లు 5" ఒక్కటే పట్టుకుంటే మిగిలేది భుజం నొప్పి, మోచేతి నొప్పి. కండకు బలం వారాల్లో వస్తుంది, కండను ఎముకకు కలిపే టెండన్ గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఆ మధ్యకాలంలో కండ ఎత్తగలిగినదాన్ని టెండన్ ఓర్చుకోలేదు. పైగా కండ పెరగడమే కావాలంటే, ఫెయిల్యూర్‌కి (ఇంకో రెప్ లేవని స్థితికి) దగ్గరగా చేసిన 20 రెప్స్‌తోనూ దాదాపు అంతే పెరుగుతుంది.

ఊపిరి బిగబట్టడం ఇంకో సమస్య. 1985లో ధమనిలోనే గొట్టం పెట్టి కొలిస్తే, లెగ్ ప్రెస్ చేస్తున్న బాడీబిల్డర్ల బీపీ సగటున 320/250కి చేరింది.

ఇనుపకడ్డీ:
ఆ కొలత నిజమే. కానీ బీపీని అంతగా ఎగదోసేది "ఇక లేవదు" అన్న రెప్‌ని ఊపిరి బిగబట్టి లాగడం. మీరన్న 20 రెప్స్ సెట్‌ను ఫెయిల్యూర్ దాకా తీసుకెళ్లినా బీపీ ఎగబాకుతుంది. 5 రెప్స్ చేసి, ఇంకో 2 చేయగల శక్తి ఉండగానే బార్ దించేస్తే ముప్పు తక్కువ. పైకి నెట్టేటప్పుడు ఊపిరి వదలాలి. కండ పరిమాణం మాట ఒప్పుకుంటాను. గరిష్ఠ బలం దగ్గర మాత్రం పెద్ద బరువుకి సాటి లేదు.

రెండురోజులు:
ఇద్దరి మాటా వరుసలో పెడితే సరిపోతుంది. వారానికి 2 రోజులు. మొదటి 4 వారాలు గోబ్లెట్ స్క్వాట్ (డంబెల్‌ను ఛాతీ దగ్గర పట్టుకుని చేసేది), డంబెల్ డెడ్‌లిఫ్ట్, రోయింగ్ (డంబెల్‌ను ఒంటివైపు లాగడం), ప్రెస్: 2 సెట్లు, 12 రెప్స్, ఇంకో 4 చేయగలిగినప్పుడే ఆపాలి. 12వ వారం దాకా 3 సెట్లు, 8 రెప్స్. ఆ తర్వాతే ఆ రోజు మొదటి కదలిక ఒక్కటి 5 రెప్స్‌కి మార్చాలి, సెట్ల మధ్య 3 నిమిషాల విరామంతో. పిక్కలు, భుజం పక్క కండలు ఎప్పటికీ 15-20 రెప్స్‌లోనే ఉండనివ్వండి.

ఎక్కువమంది దెబ్బతినేది డంబెల్ మార్చే చోట. 10 కిలోల నుంచి 12.5కి వెళ్తే పెరిగింది రెండున్నర కిలోలే అనిపిస్తుంది, నిజానికి అది 25 శాతం. భుజానికి ఒక్కసారిగా అంత పెంచకూడదు. 10 కిలోలతోనే 8 రెప్స్ నుంచి 12 దాకా వచ్చి, అప్పుడు 12.5తో మళ్లీ 8 దగ్గర మొదలుపెట్టాలి. బార్‌బెల్ అయితే కాళ్ల కదలికలకు 2.5 కిలోలు, చేతులవాటికి వీలైతే ఒక్క కిలో చొప్పున పెంచండి. 60 కిలోల స్క్వాట్‌కి వార్మప్: 20 కిలోల ఖాళీ బార్‌తో 8, 40తో 5, 50తో 3.

సెట్‌లో కాస్త నొప్పి వచ్చి మర్నాటికి సర్దుకుంటే కొనసాగించవచ్చు. మర్నాడు పొద్దున ఎక్కువైతే బరువు తగ్గించాలి. కాలికి తిమ్మిరి పాకుతున్నా, హెర్నియా ఉన్నా, బీపీ అదుపులో లేకపోయినా ముందు డాక్టర్‌ని కలవండి.

మోకాలిచిప్ప:
దాదాపు అంతా ఒప్పుకుంటాను. బార్‌బెల్ డెడ్‌లిఫ్ట్ మాత్రం నేల మీంచి వద్దు. తొడ వెనక కండలు బిగుసుకున్నవాళ్లు అంత కిందికి వంగేటప్పుడు నడుము గుండ్రంగా అయిపోతుంది, బార్ మోకాలి కింది ముందు ఎముకకు దూరంగా జరుగుతుంది. దిమ్మెల మీద పెట్టి మోకాలి కింద నుంచి ఎత్తితే చాలు, అదీ 8 రెప్స్.

ఇనుపకడ్డీ:
దిమ్మెలకు సరే, 8 రెప్స్‌కి ఒప్పుకోను. నడుము వంగేది అలుపుతో. ఆరో రెప్, ఏడో రెప్ దగ్గర మొదలయ్యే తప్పుకి 5లో ఆగితే చోటే ఉండదు. దిమ్మెల మీంచే 5 చేయండి, ప్రతి రెప్‌కీ బార్ పూర్తిగా దించి, నడుము సర్దుకుని మళ్లీ ఎత్తండి.