పిక్క మన మాట వినే కండరమే కదా, పట్టేస్తే వదలదేం?

నరసన్నపేట సైన్స్ టీచర్:
పిక్క నియంత్రిత కండరం, పేగుది అనియంత్రితం అని పాఠంలో చెప్తాం. ఊడుపుల రోజుల్లో చాలా ఇళ్లలో రాత్రిపూట పిక్కలు పట్టేస్తాయి. "మన మాట వినేదే అయితే వదలమంటే వదలదేం?" అంటున్నారు పిల్లలు. ఊపిరి పీల్చడానికి ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం డయాఫ్రాన్ని ఈ రెంటిలో ఏ గడిలో వెయ్యాలన్నది ఇంకో పేచీ.

ఫిజియో, శ్రీకాకుళం:
మాస్టారూ, పిక్క వినేది వెన్నుపాము నుంచి వచ్చే నాడి మాట. మామూలప్పుడు ఆ నాడికి మెదడు ఆజ్ఞ ఇస్తుంది. పట్టేసినప్పుడు ఆజ్ఞ లేకుండానే అది ఆగకుండా సంకేతాలు కొడుతుంది. ఎందుకంటే, అలసిన కండలో సాగడాన్ని పసిగట్టే గ్రాహకాలు రెచ్చిపోతాయి. కండని ఎముకకి కలిపే స్నాయుబంధనం దగ్గర బిగువు చూసి "ఇక చాలు" అనేవి మందగిస్తాయి. పడుకుంటే పాదం కిందికి వాలి పిక్క కురచవుతుంది, అందుకే రాత్రిళ్లు ఎక్కువ.

మోకాలు చాపి, కాలివేళ్లను మీదికి లాగి 20–30 సెకన్లు ఉంచాలి. కుదిపి లాగితే కండ చిరుగుతుంది. చేత్తో లాగేకన్నా, మోకాలి కింద ముందువైపు కండ బిగించి పాదాన్ని తనంతట తను పైకెత్తితే ఇంకా మేలు: ఎదురు కండ బిగిస్తే వెన్నుపామే పిక్క నాడిని అణుస్తుంది. మెలిపెట్టే కడుపుకి ఈ కిటుకు పనికిరాదు. పేగు నునుపు కండరం, దాన్ని నడిపేవి వేరే నాడులు.

కొండవెలగాడ కోచ్:
డయాఫ్రం పిక్కలాగే చారల కండరం, మన మాట వినేదే. బరువెత్తేటప్పుడు ఊపిరి బిగబట్టి నడుముకి దన్ను తెచ్చుకునేది దాంతోనే. కానీ ఊపిరి లయ మెదడు అడుగున ఉండే మజ్జాముఖానిది. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మన పంతం చెల్లదు. రెండు గడుల మధ్య గీత మీద వెయ్యండి, తప్పేం లేదు. ఎక్కువసేపు బిగబడితే గుండెకి తిరిగొచ్చే రక్తం తగ్గి కళ్లు తిరుగుతాయి, లిఫ్టర్లు పడేది అందుకే.

డయాలసిస్ నర్సు, సోంపేట:
పిక్క పట్టేస్తే బొండాం తాగమని ఎవరో ఒకరు రాసేలోపే చెప్తున్నా. ఉద్దానంలో కిడ్నీ జబ్బున్నవాళ్లకి ఆ సలహా వద్దు. గ్లాసు కొబ్బరినీళ్లలో సుమారు 400–600 మి.గ్రా. పొటాషియం ఉంటుంది, పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. రక్తంలో లీటరుకి 3.5–5 మిల్లీమోల్స్ మధ్య ఉండాల్సిన పొటాషియం 6.5 దాటితే గుండెలో సంకేతాలు తడబడతాయి. గుండె చారల కండరమే గానీ సొంత లయతో కొట్టుకునేది, పాదం ఎత్తినట్టు సరిచేసుకోలేం. డయాలసిస్ మధ్యలో పిక్క పట్టేస్తే నీరు మరీ వేగంగా లాగేస్తోందేమో. సాగదీస్తూనే సిస్టర్ని పిలవండి, మిషన్ వేగం తగ్గిస్తారు.