అప్‌డేట్: జీను జారడం ఆగింది (దాదాపుగా)

పోయిన నెల అడిగాను కదా, మా పోనీ (పొట్టి గుర్రం) మీద జీను ట్రాట్‌లో (నెమ్మది పరుగులో) ముందుకు జారి భుజాల మీదికి ఎక్కుతోంది, ఏ గర్త్ (జీనుని పొట్ట కింద బిగించే పట్టీ) కొనాలి అని. "ఇంకా బిగించు" అన్నవాళ్లే ఎక్కువ. అదీ చేశాను. మోచేయి వెనక చర్మం ఒరుసుకుపోయింది, పట్టీ చూస్తేనే చెవులు వెనక్కి పెట్టి కొరకబోయేది పాపం.

పక్క నుంచి ఫొటో తీసి చూడమన్నవారికి దండం. అసలు విషయం అందులో దొరికింది. దీనిది పీపాలాంటి పొట్ట. పొట్ట కింద సన్నటి చోటు సరిగ్గా మోచేతుల వెనకే ఉంది. గర్త్ తగిలించే జీను పట్టీలేమో దానికి నాలుగు వేళ్లు వెనక వేలాడుతున్నాయి. గర్త్ తన చోటుకు తాను వెళ్తూ జీనునీ లాక్కుపోతోంది!

అందుకే మధ్యలో ముందుకు వంపు తిరిగి, చివరలు వెనక్కి ఉండే అనాటమికల్ గర్త్ తీసుకున్నాను. పాతదానికి ఎలాస్టిక్ ఒక వైపే ఉండేది, ఆ వైపు తెలియకుండానే ఎక్కువ లాగేసేవాణ్ణి. కొత్తదానికి రెండు వైపులా ఉంది. బిగించాక ముందు కాళ్లు ఒక్కొక్కటి ముందుకు చాపిస్తున్నాను, కింద చర్మం మడత పడకుండా.

జీను కొంచెం ఎడమకి కూడా ఒరిగేది. వెనక కాలి కుంటు వల్ల కూడా అలా అవుతుందట, డాక్టరుకి చూపించాను, కాళ్లు బాగానే ఉన్నాయి. జీను అడుగున ఎడమ ప్యానెల్‌లో (మెత్తలో) ఉన్ని అణిగిపోయింది, మళ్లీ నింపించాను.

పల్లంలో మాత్రం ఇంకా రెండు వేళ్లు జారుతోంది. క్రపర్ (జీను ముందుకు జారకుండా తోక కింద నుంచి కట్టే పట్టీ) వేసి చూడాలి.