నికోబార్ పావురమా, పాండిచ్చేరి సొరా: ముందు దేన్ని కాపాడాలి?

బహదూర్‌పురా_పక్షి:
మా పక్షుల గ్రూపులో తేలని వాదన ఇది. నికోబార్ పావురం, పాండిచ్చేరి సొర (సొరచేప, అంటే షార్క్) రెండూ వన్యప్రాణి సంరక్షణ చట్టంలో గట్టి రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూల్‌లో ఉన్నవే. ఉన్న కాస్త డబ్బూ ఒక్కదానికే సరిపోతుందంటే నా ఓటు నికోబార్ పావురానికే. ఎప్పుడో అంతరించిపోయిన డోడో పక్షికి బతికున్నవాటిలో దీనికంటే దగ్గరి చుట్టం లేదని 2002లో డీఎన్ఏ పరీక్షలు చెప్పాయి. అది పెట్టేది ఒకేసారి ఒక్క గుడ్డు. అడవి నేల మీద రాలిన గింజలు, పండ్లు ఏరుకుని బతుకుతుంది. అది ఉండే గ్రేట్ నికోబార్ దీవిలో పోర్టు, టౌన్‌షిప్‌ల కోసం దాదాపు 130 చదరపు కిలోమీటర్ల అడవిని ఇచ్చేస్తున్నారు. ఇక ఆ సొర అంటారా, 1979 తర్వాత గట్టి ఆధారంతో ఎవరికీ దొరకలేదు. ఉందో లేదో తెలియని చేప కోసం కళ్ల ముందున్న పక్షిని వదిలేద్దామా?

రాంనగర్_సొర:
అన్నా, దొరకలేదంటున్నారు సరే, వెతికిందెవరు? పావురం మెడ మీద ఆకుపచ్చ, రాగిరంగు ఈకలు మెరుస్తాయి, తోక తెల్లగా ఉంటుంది. ఒక్కసారి చూసినవాళ్లు మర్చిపోరు, ఫొటో తీసుకుంటారు. సొర సంగతి అలా కాదు. మీటరు పొడవుండే బూడిదరంగు చేప, రెక్కల చివర్లు నల్లగా ఉంటాయి. అలాంటి గుర్తులే ఉన్న సొరలు మన తీరంలో ఇంకా ఉన్నాయి. రేవులో అన్నీ ఒకే కుప్పలో పడతాయి. మార్కెట్‌కి వచ్చేసరికి తల, రెక్కలు ఉండవు. బాలింత కోసం సొరపుట్టు (సొర మాంసంతో చేసే పొడి కూర) వండే ఇంట్లో అది ఏ జాతిదని ఎవరు చూస్తారు?

ప్రపంచం మొత్తం మ్యూజియాల్లో ఉన్నవి ఓ ఇరవై నమూనాలు. పావురం మన నికోబార్ దీవుల నుంచి సోలమన్ దీవుల దాకా ఉంది. ప్రకృతి సంరక్షణ చూసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో పావురం ప్రమాదపు అంచున ఉన్న జాతి, సొర అంతరించే చివరి దశలో ఉన్న జాతి. ఈ తేడా చిన్నదా?

కాకినాడ_అల్లుడు (ఉండేది కూకట్‌పల్లి):
మా అత్తగారి వైపు వాళ్లు వేటకు వెళ్తారు. వలలో పడ్డ సొర పైకి లాగేసరికే చచ్చి ఉంటుందండీ. 2001 నుంచి పాండిచ్చేరి సొరను పట్టడం నేరం. పొరపాటున పడిందని చెప్తే కేసు పెడతారేమోనని భయం. అందుకే గుర్తుపట్టినవాడు కూడా నోరెత్తడు. ముందు ఆ టెన్షన్ తీసెయ్యాలి.

బహదూర్‌పురా_పక్షి:
భయం తీసేస్తే సమాచారం వస్తుంది, ఒప్పుకుంటా. కానీ అడవి ఒకసారి నరికితే అయిపోయినట్టే. సొర ఉందో లేదో రేవుల్లో వెతికే సర్వే ఏడాది ఆలస్యమైనా చేసుకోవచ్చు. నాకు పావురమే ముందు.

రాంనగర్_సొర:
ఆ ఏడాదిలో మిగిలిన నాలుగు సొరలూ వలలో పడితే? సర్వేకి పెద్ద ఖర్చేం లేదన్నా. రేవులో నల్లరెక్కల సొర కనబడితే ఒక ఫొటో, చిన్న రెక్క ముక్క చాలు. కేసు ఉండదని అటవీ శాఖ రాసివ్వాలి. జంతువుల డీఎన్ఏ చూసి జాతి చెప్పే సీసీఎంబీ పరిశోధన సంస్థ వాళ్ల లాకోన్స్ ల్యాబ్ మన హైదరాబాద్ అత్తాపూర్‌లోనే ఉంది. అడవి కోసం మీరు పెట్టే పిటిషన్ మీద నేనూ సంతకం పెడతా. రేవు సర్వే కోసం రాసే అర్జీ మీద మీరు పెడతారా?