తల ఊపుతారు, పని మాత్రం జరగదు: చెరువు గట్టు మీద మనిషి తీరు ఎలా చదవాలి?

ప్రశ్న: కొత్తగట్టు

అందరికీ నమస్కారమండి. ముమ్మిడివరం, కాట్రేనికోన వైపు వనామీ రకం రొయ్యల చెరువులకి టెక్నీషియన్‌గా చేరాను. రెండు విషయాల్లో సలహా కావాలి.

మేత తగ్గించమనో, తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ చూడమనో చెబితే రైతులు చక్కగా తల ఊపుతారు, "ఆయ్, అలాగేనండి" అంటారు. మళ్లీ వెళ్లేసరికి ఏమీ మారదు. నిజంగా ఒప్పుకున్నారా, మర్యాదకి అన్నారా, అసలు అర్థమే కాలేదా అన్నది మనిషిని చూసి ఎలా పోల్చుకోవాలి? ట్రైనింగులో మాటల వాటా 7 శాతమేనని, మిగతా 93 శాతం గొంతూ, ముఖమూ, ఒంటి తీరూ చెబుతాయని చెప్పారు. చేతులు కట్టుకుంటే ఒప్పుకోలేదని, కళ్లలోకి చూడకపోతే ఏదో దాస్తున్నారని కూడా అన్నారు. ఆ లెక్కన ఇక్కడ అందరూ దాస్తున్నట్టే ఉంది.

రెండోది, రాత్రిళ్లు ఏరేటర్లూ (నీళ్లు చిలికి గాలి కలిపే మెషీన్లు) జనరేటరూ తిరుగుతుంటే ఈ గట్టు మీద కేక వేసినా ఆ గట్టుకి వినబడదు. చేతి సైగలు, టార్చి సైగలు ఒక పద్ధతిగా పెట్టుకోవాలంటే ఎలా?

జవాబు: గౌతమిపాయ

ముందు ఆ చేతులు కట్టుకునే సూత్రం పక్కన పెట్టేయండి. మన దగ్గర పెద్దవాళ్ల ముందు, ఆఫీసరు లాంటి మనిషి ముందు చేతులు కట్టుకుని నిలబడటం వినయం. చూపు దించుకోవడమూ అంతే. ధనుర్మాసంలో పొద్దున్నే గట్టు మీద అయితే అది ఒట్టి చలి.

తల ఊపడం సంగతి. మీరు మాట్లాడుతున్నంతసేపూ ఒకే వరసలో సాగే ఊపు "వింటున్నాను, కానివ్వండి" అనడమే. మధ్యమధ్య వచ్చే "ఆయ్" కూడా ఆ పనే చేస్తుంది. అందుకని ఎంత ఊపారన్నది కాదు, ఎక్కడ ఊపారన్నది చూడండి. మీ వాక్యం పూర్తి కాకుండానే "అలాగేనండి, అలాగేనండి" అని వచ్చిందంటే మాట ముగించేయమని అర్థం. అలా కాకుండా ఊపు ఆగి, చూపు ఏరేటర్ల మీదికి పోయి, కాసేపాగి "మేత తగ్గిస్తే ఎదుగుదల ఆగిపోదా అండీ?" అని అడిగితే సంతోషించండి. ఆయన ఆ పనిని మనసులో చేసి చూసుకుంటున్నారు. అడ్డుప్రశ్న వేసిన రైతు, ఏమీ అడగని రైతు కంటే పనికి దగ్గరగా ఉన్నట్టు.

ఏ మనిషికైనా తనకంటూ ఒక మామూలు తీరు ఉంటుంది. అది తెలియకుండా తేడా తెలియదు. వెళ్లగానే సలహా మొదలుపెట్టకుండా, దాచాల్సిన అవసరం లేని సంగతులు అడగండి: రొయ్యపిల్ల ఎప్పుడు వేశారు, నీరు ఎన్ని అడుగులుంది, కాలవ నీరు ఎలా వస్తోంది. అప్పుడు చేతులు ఎంత ఆడిస్తున్నారు, గొంతు ఎంత వేగంగా నడుస్తోంది, ఎటు తిరిగి నిలబడ్డారు అన్నది గమనించండి. తర్వాత మీ విషయం ఎత్తండి. ఒక్క గుర్తు పట్టుకుని తీర్పు చెప్పకూడదు. ఒకే మాట దగ్గర రెండు మూడు మారాలి: ఆడుతున్న చేతులు ఆగడం, గొంతు తగ్గడం, పాదం బండి వైపు తిరగడం. అప్పుడైనా మనకి తెలిసేది "ఇక్కడ ఏదో అడ్డం తగిలింది" అన్నంతవరకే. అది డబ్బా, కరెంటా, పాత నష్టమా అన్నది ఒళ్లు చెప్పదు. "ఇందులో ఇబ్బందేమైనా ఉందాండీ?" అని అడిగి తెలుసుకోవాల్సిందే.

ఖర్చు మాట వచ్చినప్పుడు చూపులు ఎటు పోతున్నాయో తప్పకుండా చూడండి. లీజు చెరువుల్లో ఇది చాలా ముఖ్యం. మీరు కాపలా మనిషికి చెబుతుంటే ఆయన గుమస్తా ముఖం చూస్తారు, గుమస్తా లీజుదారు ముఖం చూస్తారు. ఎవరి ముఖం చూశారో తీర్మానం వాళ్లది. అదే మాట ఆయనకి మళ్లీ చెప్పకపోతే ఎన్ని తలలు ఊగినా లాభం లేదు. తప్పు ఎత్తి చూపాల్సి వస్తే మాత్రం నలుగురిలో వద్దు. నలుగురిలో అడిగితే వచ్చే "అలాగేనండి" పరువు కాపాడుకోవడానికే.

ఇక మీ ఒళ్లు ఏం చెబుతోందో కూడా చూసుకోండి. బండి మీద కూర్చుని, ఒక కన్ను ఫోను మీద పెట్టి చెబితే, తొందరగా వెళ్లిపోతారని వాళ్లకి తెలిసిపోతుంది. దిగండి. ఆయన గట్టు మీద కూర్చుంటే మీరూ కూర్చోండి. ఎదురుగా కాకుండా పక్కన, ఇద్దరి చూపూ నీళ్ల వైపు ఉండేలా ఉంటే మాట తేలిగ్గా నడుస్తుంది. దూరం విషయంలో పుస్తకాల్లో కనబడే 45 సెంటీమీటర్లు, 1.2 మీటర్లు అన్న హద్దులు ఎడ్వర్డ్ హాల్ అమెరికన్లని గమనించి 1960ల్లో వేసినవి. ఇక్కడ వాటిని టేపుతో కొలవక్కర్లేదు. ఎదుటివాళ్లు ఎంత దూరంలో ఆగారో అక్కడే ఉండండి. ఆడకూలీలతో మాట్లాడేటప్పుడు ఆ దూరం వాళ్లే నిర్ణయించుకోవాలి.

ప్రశ్న అడిగాక కనీసం 3 సెకన్లు నోరు విప్పకండి. తరగతి గదుల్లో మేరీ బడ్ రో చూసింది ఇదే: టీచర్లు సుమారు 1 సెకనే ఆగుతున్నారు, 3 సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవయ్యాయి. గట్టు మీదా అది పనిచేస్తుంది.

"అర్థమైందా అండీ?" అని మాత్రం అడగొద్దు. దానికి కాదనే జవాబు రాదు. డీవో మీటరు (నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలిచేది) ఆయన చేతికే ఇచ్చి, దాని ప్రోబు, అంటే నీళ్లలో ముంచే కొస, నీళ్లలో మెల్లగా కదుపుతూ అంకె నిలబడేదాకా చూడమనండి. ప్రోబుని కదపకుండా ఉంచినా, అంకె నిలబడకముందే పైకి తీసినా, చెప్పింది ఎక్కడ అర్థం కాలేదో మీకే కనబడుతుంది. చెక్ ట్రే (రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూడటానికి నీళ్లలో ఉంచే పళ్లెం) ఎత్తించి "ఇంత మిగిలితే రేపు ఎంత వేస్తారు?" అని అడగండి.

జవాబు: లంకతోట

గౌతమిపాయ గారు శాతాల సంగతి వదిలేశారు. మాటకి 7, గొంతుకి 38, ముఖానికి 55 అన్న అంకెలు ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో వేసిన రెండు చిన్న ప్రయోగాల నుంచి వచ్చాయి. విడివిడి మాటలు వినిపించి, ముఖం ఫొటోలు చూపించి, మాట్లాడేవారికి ఇష్టమా అయిష్టమా అని అడిగారు. మాటా గొంతూ ముఖమూ ఒకదానికొకటి పొసగనప్పుడు దేన్ని నమ్ముతారన్నదే అక్కడి సంగతి. మొత్తం సంభాషణకి ఆ లెక్క వర్తించదని ఆయనే చెప్పారు. "డీవో 4 పీపీఎం (లీటరు నీటికి 4 మిల్లీగ్రాములు) కంటే తగ్గితే అన్ని ఏరేటర్లూ వెయ్యండి" అన్నది ఏ ముఖకవళికతో చెబుతామండీ? అంకెలున్న సలహా కాగితం మీద రాసి ఇవ్వాల్సిందే.

అబద్ధం పట్టడం గురించి కూడా. 2006లో బాండ్, డిపాలో అనే పరిశోధకులు 24 వేల మందికి పైగా వేసిన అంచనాలు కలిపి చూస్తే, నిజమో అబద్ధమో సరిగ్గా చెప్పింది 54 శాతం. నాణెం ఎగరేస్తే 50 వస్తుంది. కళ్లు తిప్పారని రైతుని అనుమానించడం అన్యాయం, పైగా ఆ అనుమానం మీ ముఖంలో ఆయనకి కనబడిపోతుంది.

ఒక్క చోట గౌతమిపాయ గారితో నాకు తేడా ఉంది. మొదటిసారి వెళ్లినప్పుడు కనబడేది అతిథి మర్యాద, మనిషి మామూలు తీరు కాదు. కుర్చీ వేసి, కొబ్బరిబొండాం కొట్టి ఇచ్చాక ఎవరూ ఎదురు చెప్పరు. రెండు మూడు సార్లు వెళ్లి వచ్చేదాకా పోల్చి చూడటం మొదలుపెట్టకండి.

జవాబు: పంటురేవు

రెండో ప్రశ్నకి. లారీని పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) మీదికి వెనక్కి ఎక్కించడమైనా, చెరువులో ఏరేటరు తిప్పడమైనా నియమం ఒకటే: సైగ ఇచ్చేవాడు ఒక్కడే ఉండాలి. "ఆపు" అన్నది మాత్రం ఎవరిచ్చినా పాటించాలి. సైగ ఇచ్చే మనిషి కనబడకుండా పోతే, అదీ "ఆపు" కిందే లెక్క.

సైగలు నాలుగైదు చాలు: ఆపు, (స్విచ్) వెయ్యి, ఇటు రా లాంటివి. ఇంకా పెంచితే కంగారులో ఎవరికీ గుర్తుండవు. "ఆపు"కి రైల్వే పద్ధతి తీసుకోండి: పగలు రెండు చేతులూ తల పైకి ఎత్తడం, రాత్రి తెల్లని లైటుని ఒంటికి అడ్డంగా గట్టిగా అటూ ఇటూ ఊపడం. "వెయ్యి"కి టార్చిని నిదానంగా పైకీ కిందికీ ఆడించండి. రెండు కదలికలూ పూర్తిగా వేరుగా ఉండాలి. చిన్న తేడాలు దూరానికి కలిసిపోతాయి. ఎకరం చెరువు నలుచదరంగా ఉంటే ఒక్కో పక్క సుమారు 64 మీటర్లు. అంత దూరంలో, మసక వెలుతురులో వేళ్ల లెక్క కనబడదు. చెయ్యి ఛాతీ ముందు ఆడిస్తే చొక్కాలో కలిసిపోతుంది, భుజం నుంచి పూర్తిగా చాపాలి. ఏరేటరు నంబరు చెప్పాలంటే టార్చి మినుకులు వాడొచ్చు, కానీ నాలుగు దాటితే లెక్క తప్పుతారు.

బొటనవేలు సైగ మెషీన్ల దగ్గర వద్దండి. మనకి "బాగుంది", క్రేను పనిలో చెయ్యి చాపి బొటనవేలు పైకి పెడితే "బూమ్ (క్రేను చెయ్యి) ఎత్తు", నీటి అడుగున డైవర్లకి "పైకి పోదాం".

అందినవాడు అదే సైగ తిరిగి చూపించాలి. తిరిగి రాకపోతే అందనట్టే. టార్చి ఎదుటివాడి ముఖం మీద కొట్టొద్దు. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటుపడటానికి 20, 30 నిమిషాలు పడుతుంది, ఒక్క వెలుగుతో అదంతా పోతుంది.

అన్నిటికంటే ముఖ్యం: ఏరేటరు బాగుచేయడానికి మనిషి నీళ్లలో దిగుతుంటే సైగని నమ్మకూడదు. "ఆపేశాను" అన్న సైగ చూసి దిగితే, ఇంకెవరో వచ్చి స్విచ్ వేయొచ్చు, లేదా పోయిన కరెంటు తిరిగి రావొచ్చు. మెయిన్ ఆపి, ఫ్యూజులు పీకి, దిగే మనిషే వాటిని తన దగ్గర పెట్టుకోవాలి. జనరేటరు దానంతటదే మొదలయ్యేలా పెట్టి ఉంటే అదీ ఆపాలి.

కొత్తగట్టు

చాలా ఉపయోగమండి. ఒక్క సందేహం. ఒక చెరువు దగ్గర పెద్దాయన ఉన్నారు, ఏది చెప్పినా నవ్వి తల ఊపుతారు. మీటరు చేతికిస్తే చక్కగా చూస్తారు. నోటితో చెప్పింది మాత్రం జరగదు.

జవాబు: గౌతమిపాయ

వినికిడి చూడండి. ఏళ్ల తరబడి జనరేటరు పక్కనో, రైసు మిల్లులోనో చేసినవాళ్లకి మొదట పోయేది 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉండే సన్నటి, పై స్థాయి శబ్దాల వినికిడి. గొంతు వినబడుతుంది, స, త, క లాంటి హల్లులు తేలవు, మాట కలగాపులగం అవుతుంది. మళ్లీ చెప్పమని అడగడం నామోషీ అనిపించి నవ్వి ఊరుకుంటారు. గుర్తులు: ఒక చెవి ముందుకు పెట్టడం, మీ కళ్లు వదిలి పెదాలు చూడటం, పక్కవాళ్లు నవ్వాక ఒక క్షణం ఆగి నవ్వడం, "ఎప్పుడు" అంటే "ఎంత"కి జవాబివ్వడం.

ఆయన వెనక నుంచి మాట్లాడకండి. మీటరు దూరంలో ఎదురుగా, వెలుగు మీ ముఖం మీద పడేలా నిలబడి, అరవకుండా నిదానంగా చెప్పండి. అరిస్తే పెదాల ఆకారం మారిపోతుంది. జనరేటరు షెడ్డుకి దూరంగా తీసుకెళ్లండి. ఇంట్లోవాళ్లతో విడిగా చెప్పి చెవుల పరీక్ష చేయించమనండి, ఆయన ముందు, కూలీల ముందు మాత్రం ఆ మాట ఎత్తొద్దు.