వేరేవాళ్ళ థ్రెడ్‌లో సిగ్‌ఆల్ట్‌స్టాక్: లైబ్రరీ దాన్ని ఎప్పుడు తీసేయాలి?

సీలో పార్సర్ లైబ్రరీ రాస్తున్నా, లినక్స్, జీలిబ్‌సీ 2.35. రికర్షన్ లోతుకి పోయి స్టాక్ నిండిపోతే సిగ్‌సెగ్‌వీ (తప్పుడు మెమరీ తాకితే వచ్చే సిగ్నల్) హ్యాండ్లర్‌లో ఒక లైను లాగ్ రాయాలి, నిండిన స్టాక్ మీద హ్యాండ్లర్ నడవదు, అందుకే దాన్ని వేరే స్టాక్ (ఆల్ట్ స్టాక్) మీద నడిపే ఎస్ఏ_ఆన్‌స్టాక్ ఫ్లాగ్ పెట్టా.

మొదట లైబ్రరీ లోడ్ అయ్యేటప్పుడు నడిచే కన్‌స్ట్రక్టర్‌లో ఒక్కసారే, ఆ ఆల్ట్ స్టాక్‌ని కెర్నెల్‌కి చెప్పే సిగ్‌ఆల్ట్‌స్టాక్ పిలిచా, మెయిన్ థ్రెడ్‌లో బానే ఉంది, మిగతా థ్రెడ్లలో మాత్రం హ్యాండ్లర్‌లోకి రాకుండానే ప్రాసెస్ చచ్చిపోయేది. హ్యాండ్లర్ ప్రాసెస్ మొత్తానికి ఒకటే గానీ ఆల్ట్ స్టాక్ థ్రెడ్‌కొకటి, కొత్త థ్రెడ్‌కి దానంతటది రాదు, ఇది అర్థమవడానికే రెండ్రోజులు పట్టింది.

ఇప్పుడు ప్రతి ఎంట్రీ ఫంక్షన్‌లో పాత సెట్టింగ్ చూసి, ఎస్ఎస్_డిజేబుల్ (అంటే ఆల్ట్ స్టాక్ లేదని) ఉంటేనే 64 కేబీ మెమరీ ఎమ్‌మ్యాప్‌తో తీసుకుని పెడుతున్నా, థ్రెడ్ ముగిసేటప్పుడు నడిచే పీథ్రెడ్ కీ డిస్ట్రక్టర్‌లో ఎస్ఎస్_ఎస్‌పీ (అప్పుడున్న ఆల్ట్ స్టాక్ అడ్రస్) మాదైతే డిజేబుల్ చేసి, కాకపోయినా మా మెమరీని మున్‌మ్యాప్‌తో వదిలేస్తున్నా. అయినా థ్రెడ్ ముగిసేటప్పుడు అప్పుడప్పుడు క్రాష్. ఎస్‌ట్రేస్‌లో (సిస్టమ్ కాల్స్ చూపే టూల్) చూస్తే మా మున్‌మ్యాప్ అయిపోయాక హోస్ట్ ప్రోగ్రామ్ (మా లైబ్రరీని వాడేది) మళ్ళీ అదే అడ్రస్‌తో సిగ్‌ఆల్ట్‌స్టాక్ పిలుస్తోంది, అంటే మధ్యలో తన స్టాక్ పెట్టుకుని, మాది "పాతది" అని దాచుకుని, చివర్లో తిరిగి పెడుతోందన్నమాట. కీ డిస్ట్రక్టర్లు ఏ వరసలో నడుస్తాయో గ్యారంటీ లేదు కాబట్టి వరస మార్చి లాభం లేదు. మున్‌మ్యాప్ మానేస్తే క్రాష్ పోయింది, కానీ థ్రెడ్‌కి 64 కేబీ లీక్, అది నాకు అస్సలు ఇష్టం లేదు.

ప్రతి కాల్‌కీ పెట్టి, బయటికొచ్చేటప్పుడు పాతది తిరిగి పెట్టడం మేలా, లేక థ్రెడ్ ఇనిట్, థ్రెడ్ ఫినిష్ అని రెండు ఫంక్షన్లిచ్చి ఆ బాధ్యత వాడేవాళ్ళకే వదిలేయాలా?