అవెన్ లేకుండా మాకరోనీ చీజ్ ఎలా?

కావలి నుంచి: మా పాప మాకరోనీ చీజ్ కావాలంటోంది. అవెన్ లేదు. మా దగ్గరి దుకాణాల్లో ప్రాసెస్డ్ చీజే ఉంది, చెడ్డార్ లేదు. సాస్ విరగకుండా వస్తుందాండీ?

ఒంగోలు నుంచి: నిశ్చింతగా చేయండి. విరిగే భయం చెడ్డార్‌తోనే ఎక్కువ. ప్రాసెస్డ్ చీజ్‌లో కొవ్వు విడిపోకుండా పట్టి ఉంచే లవణాలు కలుపుతారు. రెండు చెంచాల వెన్నలో రెండు చెంచాల మైదా సన్నసెగ మీద పచ్చివాసన పోయేదాకా వేయించండి, రంగు మారకూడదు. రెండు కప్పుల పాలు కొద్దికొద్దిగా పోస్తూ ఉండలు కట్టకుండా కలపండి. గరిటె వెనక వేలితో గీస్తే గీత చెరగకుండా నిలవాలి. అప్పుడు పొయ్యి ఆపి, కప్పు చీజ్ తురుము వేయండి. మాకు వచ్చే గేదె పాలు బాగా చిక్కన, అందుకే నేను మైదా తగ్గిస్తాను. మిరియాల పొడి లేకపోతే నాకసలు నచ్చదు. ఉప్పు మాత్రం చివర్లో, రుచి చూసి.

నెల్లూరు నుంచి: మైదా ఎందుకండీ? మాకరోనీని పాలలోనే ఉడికించండి, దాని గంజికే చిక్కబడుతుంది. అడుగంటకుండా కలుపుతూనే ఉండాలి.

కావలి నుంచి: పైన కరకరలాడే పొర సంగతి?

ఒంగోలు నుంచి: బ్రెడ్ పొడిని వెన్నలో ఎర్రగా వేయించి, వడ్డించే ముందు చల్లండి.